మూగ ఆటకు నోరొచ్చిన కథ

పాంటోమైమ్ అనే మాట వినగానే మన తరం వారికి మూకాభినయం గుర్తుకొస్తుంది. కాలేజీ వార్షికోత్సవాల్లో ఒక కుర్రవాడు ముఖానికి తెల్లరంగు పూసుకుని, లేని తాడును లాగుతున్నట్టు, లేని గోడను తడుముతున్నట్టు అభినయించేవాడు. హాలంతా నిశ్శబ్దంగా చూసేది. నిఘంటువు తీసినా మొదట ఆ అర్థమే కనిపిస్తుంది. కాని ఇంగ్లండులో క్రిస్మస్ రోజుల్లో ఏ ఊరి థియేటర్లో పాంటోమైమ్ చూసినా చెవులు మూసుకోవలసినంత గోల. వేదిక మీదివాళ్లు అరుస్తారు. కింద కూర్చున్నవాళ్లు అంతకన్న గట్టిగా అరుస్తారు. పిల్లలతో పాటు తల్లిదండ్రులూ, చేతికర్ర పట్టుకుని వచ్చిన తాతలూ గొంతు కలుపుతారు. ఇంత గోల ఆటకు మూగ పేరెందుకు వచ్చింది?

మన సంఘ సభ్యుల్లో కొందరి పిల్లలు బ్రిటన్‌లో స్థిరపడ్డారు. డిసెంబరులో అక్కడికి వెళ్లిన తాతయ్యలనూ అమ్మమ్మలనూ మనవలు ఈ ఆటకు లాక్కుపోవడం ఖాయం. ముందుగా దాని పూర్వాపరాలు తెలిసి ఉంటే చూడడంలో రుచి వేరు. నేను చరిత్రకారుణ్ణి కాను, ముప్పయ్యేళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. అందుచేత ఈ కథలో నటీనటుల కన్న ముందు నన్ను పట్టుకున్నది లైసెన్సుల వ్యవహారం, ఆ తరువాత పెన్షను వ్యవహారం. ఆ రెండూ మన వాళ్లకు బాగా తెలిసిన విషయాలే గదా!

పాంటోమిమోస్ అనేది గ్రీకు మాట. అన్నిటినీ అనుకరించేవాడని అర్థం. ప్రాచీన రోములో ఒక్క నటుడు ముఖానికి మాస్కు పెట్టుకుని, వెనక బృందం పాడుతుండగా కథంతా శరీరంతోనే చెప్పేవాడు. మన కథకళి చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ పేరు అక్కడిది. పాత్రలు మాత్రం ఇటలీవి. 16వ శతాబ్దిలో ఇటలీలో కొమేడియా దెల్లార్తె అనే సంచార నాటక సమాజాలు ఉండేవి. వాటిలో డబ్బు మీద ఆశ చావని ముసలాయన పాంటలోన్, గళ్ల బట్టల చలాకీ నౌకరు హార్లెక్విన్, గడుసు పిల్ల కొలంబైన్ ఎప్పుడూ ఉండే పాత్రలు. ప్రేమించిన జంట పారిపోవడం, ముసలాయన వెంటపడి తరమడం, మధ్యలో దెబ్బలు, పల్టీలు. భాష రాకపోయినా నవ్వొచ్చే సరుకు. అందుకే అది ఫ్రాన్సు మీదుగా లండనుకు తేలిగ్గా చేరింది.

1717లో డ్రూరీ లేన్ థియేటర్లో జాన్ వీవర్ అనే నృత్య గురువు మార్స్, వీనస్ దేవతల ప్రేమకథను మాటలు లేకుండా ఆడించాడు. ఆ రోజుల్లోనే లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ థియేటర్ యజమాని జాన్ రిచ్ స్వయంగా హార్లెక్విన్ వేషం కట్టాడు. ఈయనకు సంభాషణ చెప్పడం అంతగా రాదట. నోరు పలకని చోట ఒళ్లు పలికింది. హార్లెక్విన్ గుడ్డులోంచి పుట్టి, పెంకు పగలగొట్టుకుని, మొదటిసారి నేల మీద అడుగు పెట్టే దృశ్యాన్ని ఆయన ఎంత చక్కగా చేసేవాడో చెప్పుకునేవారు. 1732లో కోవెంట్ గార్డెన్ థియేటర్ కట్టించిన మనిషి కూడా ఈ రిచ్‌గారే.

హార్లెక్విన్ చేతిలో ఒక చెక్క ఉండేది. రెండు పలచని చెక్కలను పిడి దగ్గర కలిపి బిగించినది. దానితో కొడితే దెబ్బ తగలదు, చప్పుడు మాత్రం పెళ్లుమంటుంది. ఇంగ్లీషులో కొట్టుకుని పడిపోయే హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారే, ఆ పేరు ఈ చెక్కదే. అదే చెక్కతో గోడను తాకితే తెర మారిపోయి గుడిసె మేడ అయ్యేది. అది మంత్రదండం కూడానన్నమాట.

ఇక లైసెన్సుల సంగతి. 1660లో రాజు రెండవ చార్లెస్ లండనులో ఇద్దరికి మాత్రమే నాటకాలాడే పట్టాలిచ్చాడు. కాలక్రమంలో ఆ హక్కు డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ థియేటర్లకు దక్కింది. నాటకాల్లో తన మీద విసుర్లు ఎక్కువైపోయాయని ప్రధాని వాల్పోల్‌కు కోపం వచ్చి 1737లో లైసెన్సింగ్ చట్టం తెచ్చాడు. దాని ప్రకారం ప్రతి కొత్త నాటకం రాతప్రతినీ లార్డ్ చాంబర్లేన్ అనే రాజగృహపు ఉన్నతాధికారి ఆఫీసుకు ముందుగా పంపాలి. ఆయన అనుమతిస్తేనే ఆట. పట్టా లేని థియేటర్లలో సంభాషణల నాటకం అసలు ఆడకూడదు. పాట, ఆట, అభినయం అయితే సరే.

మనిషిని మాట్లాడవద్దంటే ఏం చేస్తాడు? చేతులతో చెబుతాడు, కాళ్లతో చెబుతాడు, పాటలో ఇమిడ్చి చెబుతాడు. పట్టా లేని చిన్న థియేటర్లకు మూగ ఆట ఒక జీవనోపాధి అయింది. పట్టా ఉన్న పెద్ద థియేటర్లకూ మాటలు లేకపోవడమే అలవాటైపోయింది. డేవిడ్ గారిక్ వంటి మహానటుడు 1759లో డ్రూరీ లేన్‌లో హార్లెక్విన్ చేత మాట్లాడించి చూశాడు. అయినా ఆ తరువాత దశాబ్దాల పాటు హార్లెక్విన్ మూగవాడుగానే కొనసాగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1778 నుంచి 1824లో చనిపోయేదాకా నాటకాల పరిశీలకుడుగా పనిచేసిన జాన్ లార్పెంట్ తన దగ్గరికి వచ్చిన రాతప్రతులన్నీ దాచిపెట్టాడు. అవి ఇప్పుడు అమెరికాలో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ తరువాతి కాలపు ప్రతులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కత్తెర వేయడానికి పుట్టిన ఆఫీసు వల్లనే ఆ నాటకాలు ఇవాళ మనకు మిగిలాయి. రికార్డు రూములో పనిచేసిన ఏ గుమాస్తాకైనా ఇది వింటే కొంచెం గర్వంగా ఉంటుంది. అదే బుద్ధితో తెల్లవారు 1876లో మన దేశానికీ నాటక ప్రదర్శనల చట్టం తెచ్చారన్న సంగతి కూడా మరవకూడదు.

ఈ మూగ కాలంలో పుట్టిన గొప్ప నటుడు జోసెఫ్ గ్రిమాల్డి. 1778 డిసెంబరు 18న లండనులో పుట్టాడు. తండ్రి ఇటలీ నుంచి వచ్చిన నాట్యాచార్యుడు. మూడేళ్లయినా నిండకుండానే పిల్లవాణ్ణి వేదిక ఎక్కించారు. 1806 డిసెంబరు 29న కోవెంట్ గార్డెన్‌లో ‘హార్లెక్విన్ అండ్ మదర్ గూస్’ ఆడినప్పుడు ఊరు ఊరంతా కదిలింది. అంతవరకు హార్లెక్విన్ నాయకుడు. గ్రిమాల్డి వేసిన విదూషకుడు ఆ స్థానాన్ని లాగేసుకున్నాడు. తెల్లని ముఖం మీద ఎర్రని త్రికోణపు బుగ్గలు ఆయన పెట్టిన వేషమే. ఇంగ్లండులో సర్కసు విదూషకులను నేటికీ ఆయన ముద్దుపేరుతోనే జోయీ అంటారు.

ఆయన పాటల్లో ‘హాట్ కాడ్లిన్స్’ అని ఒకటుంది. కాల్చిన ఆపిల్ పండ్లు అమ్ముకునే ముసలమ్మ కథ. ఆవిడ ఏం తాగిందో చెప్పవలసిన చోట గ్రిమాల్డి ఆగిపోయేవాడు. హాలంతా ఒక్క గొంతుతో ‘జిన్!’ అని అరిచేది. ఆయన తెల్లబోయినట్టు ముఖం పెట్టి జనాన్ని మందలించేవాడు. వేదిక మీది మనిషి ఖాళీ వదిలితే కింది జనం నింపడం అనే పద్ధతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నేటి పాంటోమైమ్‌కు అదే ప్రాణం. చట్టం నటుడి నోరు మూసింది గాని ప్రేక్షకుడి నోరు మూయలేదు.

ఆ ప్రేక్షకులూ సామాన్యులు కారు. 1808లో కోవెంట్ గార్డెన్ థియేటర్ కాలిపోయింది. 1809లో కొత్తది కట్టి, ఖర్చు రాబట్టుకోవడానికి యాజమాన్యం టిక్కెట్టు ధర పెంచింది. బాల్కనీ పెట్టెలకు 6 షిల్లింగులు కాస్తా 7 అయింది. కింద నేల తరగతికి మూడున్నర షిల్లింగుల నుంచి 4. ఆ ఆరు పెన్నీల మీద జనం రెండు నెలలకు పైగా రోజూ హాల్లోకి వచ్చి, గంటలు వాయించి, బూరలు ఊది, నాటకం ఒక్క ముక్క వినిపించకుండా చేశారు. చివరికి యాజమాన్యం దిగివచ్చి నేల తరగతికి పాత ధరే ఉంచింది. డీఏ బకాయిల కోసం మనం చేసిన ధర్నాలు దీని ముందు భజన కార్యక్రమాలు!

గ్రిమాల్డి జీవితపు చివరి అంకం పెన్షనర్లు చదవవలసినది. ఆ రోజుల్లో పాంటోమైమ్ అంటే కిటికీల్లోంచి దూకడం, నేలమీది తలుపుల్లోంచి కిందికి జారిపోవడం. స్టార్ ట్రాప్ అని ఒక యంత్రం ఉండేది. వేదికలో త్రికోణపు రెక్కలతో నక్షత్రం ఆకారపు కన్నం పెట్టి, కింద నటుణ్ణి చెక్కమీద నిలబెట్టి, అవతల బరువులు వదిలితే అతడు బాణంలా పైకి ఎగిరి వచ్చేవాడు. లెక్క తప్పితే మెడ విరిగేది. చిన్ననాటి నుంచి ఒళ్లు హూనం చేసుకున్న గ్రిమాల్డికి నలభై అయిదేళ్లు రాకముందే కీళ్లు పనిచేయడం మానేశాయి. 1823లో కోవెంట్ గార్డెన్ వదిలేశాడు. 1828 జూన్ 27న డ్రూరీ లేన్‌లో ఆయన సహాయార్థం వీడ్కోలు ప్రదర్శన ఏర్పాటు చేస్తే, నిలబడే శక్తి లేక కుర్చీలో కూర్చునే చివరి వేషం వేశాడు.

ఆ తరువాత ఆయనను ఆదుకున్నది డ్రూరీ లేన్ నటుల నిధి. దానిని 1766లో స్థాపించినవాడు పైన చెప్పిన గారిక్. 1776లో తాను రంగస్థలం నుంచి తప్పుకున్న రాత్రి వచ్చిన వసూలంతా గారిక్ ఆ నిధికే ఇచ్చేశాడు. ఆ నిధి గ్రిమాల్డికి ఏడాదికి 100 పౌండ్ల పెన్షను ఇచ్చింది. సర్కారు ఉద్యోగికే పెన్షను గ్యారంటీ లేని కాలంలో పల్టీలు కొట్టే నటుడికి పెన్షను! గారిక్‌ను మహానటుడని ఇంగ్లీషువాళ్లు పొగుడుతారు. నన్నడిగితే ఆయన చేసిన పనుల్లో ఇదే పెద్దది. కొడుకు 1832లో తాగుడుకు బలైపోయాడు, భార్య కూడా పోయింది. ఒంటరివాడైన గ్రిమాల్డి సాయంత్రాలు వీధి చివర సత్రంలాంటి పానశాలలో కూర్చునేవాడు. నడవలేని ఆయనను ఆ పానశాల యజమాని రోజూ రాత్రి వీపున మోసుకొచ్చి ఇంట్లో దింపేవాడట. 1837 మే 31 రాత్రి అలాగే ఇంటికి చేరి నిద్రలోనే కన్నుమూశాడు. మరుసటి ఏడు ఆయన జీవితకథను సరిదిద్ది ప్రచురించిన కుర్రవాడు చార్లెస్ డికెన్స్. నేటికీ ఫిబ్రవరి మొదటి ఆదివారం లండనులో ఒక చర్చిలో గ్రిమాల్డి స్మారక ప్రార్థన జరుగుతుంది. విదూషకులు రంగులు పూసుకుని, పూర్తి వేషాలతో వచ్చి కూర్చుంటారు.

1843లో కొత్త థియేటర్ల చట్టం వచ్చింది. రెండు థియేటర్ల గుత్తాధిపత్యం పోయింది. లైసెన్సు ఉన్న ఏ థియేటర్ అయినా సంభాషణ నాటకం ఆడవచ్చు. రాతప్రతి ముందుగా పంపాలన్న నిబంధన మాత్రం 1968 దాకా కదలలేదు. నోరు తెరవడానికి అనుమతి వచ్చేసరికి పాంటోమైమ్ ఇక నోరు మూయనే లేదు. హెచ్.జె. బైరన్ అనే రచయిత శ్లేషల మీద శ్లేషలు పేర్చాడు. సిండరెల్లాకు తోడుండే బటన్స్ అనే నౌకరు పాత్ర ఆయన 1860 నాటి నాటకం నుంచి వచ్చినదే. అల్లావుద్దీన్ తల్లికి చాకలి వృత్తి, విడో ట్వాంకీ అనే పేరు ఆయన 1861లో పెట్టినవి. ట్వాంకే అనేది అప్పట్లో చైనా నుంచి వచ్చే ఒక రకం టీ. మన దగ్గర ఒక ముసలమ్మ పాత్రకు ‘డస్టు టీపొడి దమయంతి’ అని పేరు పెట్టినట్టు అనుకోండి.

కథలు ఏవంటే సిండరెల్లా, అల్లావుద్దీన్, చిక్కుడు తీగ ఎక్కే జాక్, పిల్లిని వెంటబెట్టుకుని లండను మేయరైన డిక్ విటింగ్టన్. మొదట్లో ఏడాది పొడుగునా పెద్ద నాటకం తరువాత చివరి అంశంగా వేసిన ఈ ఆట క్రమంగా క్రిస్మస్ మరునాడు, డిసెంబరు 26న మొదలయ్యే పండగ ఆటగా స్థిరపడింది. అయితే దానిలో క్రీస్తు కథ ఒక్క ముక్క ఉండదు. పండగకు మన ఊళ్లో నాటకం వేయించినట్టే. ఏ మతం వారు వెళ్లినా ఇబ్బంది లేదు.

వేషాల తిరగమరగ ఈ కాలంలోనే గట్టిపడింది. నాయకుడి వేషం ఆడపిల్ల వేస్తుంది. నేల జీరాడే గౌన్ల కాలంలో కాళ్లు కనిపించే మగవేషం చూడడానికే సగం మంది మగవాళ్లు వచ్చేవారని చెబుతారు. ముసలమ్మ వేషం మగవాడిది. దానిని డేమ్ అంటారు. మనకు స్థానం నరసింహారావుగారి సత్యభామ ఉంది. అక్కడ స్థానంవారు కనిపించకూడదు, భామే కనిపించాలి. డేమ్ సంగతి పూర్తిగా వ్యతిరేకం. గౌను కింద మగవాడున్నాడని అనుక్షణం తెలుస్తుండాలి. బొంగురు గొంతు, పెద్ద బూట్లు, వరసగా మారే అలంకారాలు. 1879 నుంచి డ్రూరీ లేన్ నడిపిన ఆగస్టస్ హారిస్ మ్యూజిక్ హాల్ నటులను తెచ్చి ఈ వేషాలిచ్చాడు. వారిలో డాన్ లీనో 1888 నుంచి పదిహేనేళ్లకు పైగా అక్కడ క్రిస్మస్ రాజు. 1902లో ఆయన కోసమే ‘మదర్ గూస్’ రాయించారు. గయ్యాళితనంలో కాస్త దుఃఖం కలిపి, పేద వృద్ధురాలి కష్టాన్ని నవ్వులోనే చెప్పేవాడు. 1904లో 43 ఏళ్లకే పోయాడు.

2019 డిసెంబరులో ఉత్తర ఇంగ్లండులో మా అమ్మాయి ఉండే ఊరి థియేటర్లో మేము సిండరెల్లా చూశాము. నేనూ, మా ఆవిడా, అమ్మాయీ అల్లుడూ, ఆరేళ్ల మనవడు. మంచి దేవత మన కుడి చేతివైపు నుంచి వస్తుందేమో అనుకున్నాను. కాదు, ఆ వైపు దుష్టుడిది. మంచివాళ్లు ఎడమ నుంచి వస్తారు. నటుడి ఎడమచెయ్యి అశుభం అనే పాత నమ్మకమట. దుష్టపాత్ర అడుగు పెట్టగానే హాలంతా బుసలు కొట్టింది. గుమ్మడికాయ బండిగా మారిన చోట సురభి వారి ‘మాయాబజార్’ గుర్తొచ్చింది. పలచని వలగుడ్డ మీద బొమ్మ గీసి, ముందునుంచి వెలుతురు వేస్తే గోడలా కనిపిస్తుంది. ముందు దీపం తగ్గించి వెనక దీపం పెంచితే గోడ కరిగిపోయి లోపల మేడ తేలుతుంది. వందల ఏళ్ల కిటుకు. ఇప్పటికీ పెద్దవాళ్లే నోళ్లు తెరిచారు.

మా ఆవిడకు ఇంగ్లీషు రాదు. మొదటి పావుగంట చీర చెంగు సర్దుకుంటూ కూర్చుంది. ఒక దృశ్యంలో బటన్స్ బల్లమీద కూర్చుని పాడుతుంటే వెనక దెయ్యం వచ్చింది. అతడు తిరిగితే దెయ్యం దాక్కుంటుంది. పిల్లలంతా అరుస్తున్నారు. ఉన్నట్టుండి మా ఆవిడ లేచి నిలబడి, ‘ఒరే అబ్బాయీ, వెనకాల! నీ వెనకాలరా!’ అని కేకేసింది. పక్క సీట్లోని ముసలి దొరసాని తలూపి, తన భాషలో అదే మాట తానూ అరిచింది. మనవడు మాత్రం, ‘అమ్మమ్మా, వాడికి తెలుగు రాదు’ అన్నాడు గంభీరంగా. ‘రాకపోతేనేం, తిరిగాడు గదా’ అంది ఆవిడ.

అన్నీ మెచ్చుకోవలసినవే అనను. పెద్దల కోసం దొర్లించే ద్వంద్వార్థాలు కొన్ని మరీ చౌకబారుగా ఉంటాయి. టీవీ ముఖాలను తెచ్చి టిక్కెట్టు పెంచడం ఇంకో జబ్బు. అల్లావుద్దీన్‌లో చైనావారిని వెక్కిరించే పాత అలవాటును ఇటీవల చాలాచోట్ల మానుకున్నారు. అది మంచి పని.

అక్కడి చిన్న ఊళ్ల థియేటర్లకు క్రిస్మస్ వారాల వసూళ్లే ఏడాది బండిని లాగుతాయి. పాఠశాలలు బస్సుల్లో పిల్లలను తీసుకొస్తాయి. ఎందరో పిల్లలు జీవితంలో చూసే మొదటి నాటకం ఇదే. మిగతా నెలల్లో పదిమంది రాని గంభీర నాటకానికి కూడా డబ్బు ఇక్కడినుంచే. 2020 డిసెంబరులో కోవిడ్ వల్ల దేశమంతటా ఈ ఆటలు ఆగిపోయాయి. లండన్ పలేడియంలో లాటరీ నిధుల అండతో సీట్ల మధ్య ఎడం పెట్టి ఒక ప్రదర్శన మొదలెట్టారు గాని, ఆంక్షలు బిగియడంతో నాలుగైదు రోజులకే మూసేయవలసి వచ్చింది.

ఓల్డ్‌హామ్ అనే మిల్లుల పట్టణంలో కొలీజియం థియేటర్ 1880ల నాటిది. ఆ ఊరివాళ్లకు పండగంటే అక్కడి పాంటోమైమే. ప్రభుత్వ కళల మండలి గ్రాంటు నిలిపివేయగా 2023 మార్చి 31న అది మూతపడింది. అక్కడ వేషాలు వేసి పైకొచ్చిన నటీనటులూ, చిన్నప్పుడు చూసి మనవలను తెచ్చిన ఊరివాళ్లూ ఊరుకోలేదు. పిటిషన్లు పెట్టారు, సభలు జరిపారు. ఏడాది దాటాక, 2024 జులైలో, ఆ కట్టడాన్నే బాగుచేసి థియేటర్‌గా మళ్లీ తెరుస్తామని పట్టణ కౌన్సిల్ ప్రకటించింది. ఎప్పటికల్లా అన్న ప్రశ్నకు వాళ్లు అప్పుడు చెప్పిన గడువు ఆర్థిక సంవత్సరం కాదు, ఏప్రిలూ కాదు. పాంటోమైమ్ రోజులకల్లా అన్నారు.